వీడ్కోలు బాకా

పసిఫిక్ దీవుల దేశమైన టోంగా సైన్యం చిన్నది. అందులో ఒక్కో పనికీ ఒక్కరే మనిషి. చనిపోయిన సైనికుణ్ణి పూడ్చేటప్పుడు వీడ్కోలు బాకా ఊదే పని సార్జెంట్ కెలెపిది. పెళ్ళి కాకముందు నుంచీ అతనే ఊదుతున్నాడు. అతను దారిన పోతుంటే తల్లులు పిల్లలకు చూపించి, "మీ తాతను సాగనంపింది ఈయనే" అనేవారు. ఆ మాట వినబడితే కెలెపి నడక కాస్త నెమ్మదించేది.

కిందటేడు అతని ముందుపన్ను ఒకటి కదిలింది. అప్పటినుంచి పైస్వరం చీలిపోతోంది. ఆ సంగతి మొదట అతనికే తెలిసింది, తర్వాత బ్యాండులో అందరికీ తెలిసింది.

హాపై దీవినుంచి వచ్చిన లెసీలికి బాకా పట్టుకోవడం నేర్పింది కెలెపే. "అన్నా, అన్నా" అంటూ వెంట తిరిగిన పిల్ల, ఏకులా వచ్చి మేకై కూర్చుంది. వునీ అనే ముసలి సైనికుడు పోయిన రోజున బ్యాండు మాస్టరు హవేయా అందరిముందూ అనేశాడు.

"రేపు లెసీలి ఊదుతుంది. నువ్వు వరసలో నిలబడు, కెలెపీ."

"ఆ పిల్లా? నిన్నగాక మొన్న బాకా ఏ వైపునుంచి ఊదాలని అడిగింది!"

"ఇప్పుడు తెలిసింది కదయ్యా" అన్నాడు హవేయా.

అందరూ పగలబడి నవ్వారు. లెసీలి కూడా నవ్వింది. ఆ ఒక్క నవ్వునే కెలెపి ఇంటిదాకా మోసుకుపోయాడు.

ఇంట్లో చేమాకుల్లో మాంసం చుట్టి కొబ్బరిపాలతో వండిన కూరను అతను పక్కకి నెట్టేశాడు. భార్య ఇలైసానె ఊరుకోలేదు.

"ఆ పన్ను పీకించుకోమంటే వినవు. ఆ పిల్లమీద పళ్ళు నూరుతూ కూర్చుంటే ఉన్నవీ ఊడతాయి."

మర్నాడు లారీ ఎక్కే హడావిడిలో లెసీలి తన బాకా పెట్టె బల్లమీద వదిలి బూట్ల లేసులు కట్టుకుంటోంది. కెలెపి ఆ పెట్టె మూత తీసి, పెదాలకు ఆనించి ఊదే మౌత్‌పీస్ ఊడదీసి జేబులో వేసుకున్నాడు. అతని సొంతది ఎప్పుడూ ఆ జేబులోనే ఉంటుంది. తాను ఊదకపోయినా సరే, ఆ పిల్ల ఊదకూడదు, అంతే.

శ్మశానంలో అక్కడి ఆచారం ప్రకారం నల్లబట్టలమీద నడుముకు చాపలు చుట్టుకుని జనం నిలబడ్డారు. పాస్టరు ప్రార్థన ముగిస్తుండగా లెసీలి పెట్టె తెరిచింది. ఆమె మొహం పాలిపోయింది. మాస్టరు దగ్గరికి పోలేదు, నేరుగా కెలెపి పక్కకే వచ్చింది.

"అన్నా, నా మౌత్‌పీస్ ఎక్కడో పారేసుకున్నా. మాస్టరుకి తెలిస్తే చంపేస్తాడు. నీది ఇయ్యవా?"

తేలేదు అంటే సరిపోయేది. కానీ ఆమె కళ్ళనిండా నీళ్ళు చూసేసరికి కెలెపి తడబడ్డాడు. కంగారులో చెయ్యి జేబులోకి పోయి, చేతికందింది తీసి ఇచ్చేసింది.

లెసీలి దాన్ని తిప్పి చూసింది. అంచుమీద సొట్ట ఉంది.

"ఇది నాదే" అంది నెమ్మదిగా.

కెలెపి తేలుకుట్టిన దొంగలా నిలబడిపోయాడు. ఆమె ఎంగిలి పడ్డదాన్ని తుడిచినట్టు దాన్ని స్కర్టుకేసి మళ్ళీ మళ్ళీ తుడుచుకుని, వెళ్ళి తన చోట నిలబడింది.

బాకా లేచింది. "చీలాలి, చీలిపోవాలి" అని కెలెపి లోలోపల మొక్కుకున్నాడు. పైస్వరం చీలలేదు. తన నిండు వయసులో కూడా అంత నిర్మలంగా అతను ఊదలేదు. ఆ సంగతి అతనికే తెలుసు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వునీ కోసం ఏడుస్తున్నాడనుకుని ఎవరో వచ్చి భుజం తట్టారు.

భోజనాల దగ్గర ఎదురుపడినప్పుడు ఆమె "సార్జెంటుగారూ, కొంచెం దారివ్వండి" అంది. అన్నా అన్న పిలుపు ఆ రోజుతో పోయింది. ఆమె హవేయాకి చెప్పి తిట్టించినా బాగుండేదనిపించింది కెలెపికి. ఆమె ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్ళకు అతనే బాకా అప్పగించి పెద్ద డోలు తగిలించుకున్నాడు. ఇప్పటికీ లెసీలి పైస్వరం ఎత్తుకుందంటే చాలు, అతని చేతిలో కర్ర అదుపు తప్పుతుంది.

"మెల్లగా కెలెపీ!" అని అరుస్తాడు హవేయా. "ఎవర్ని కొడుతున్నావయ్యా?"