ఇంకో అరచుట్టు

వైశాఖమాసం, మిట్టమధ్యాహ్నం. బెజవాడ ఆటోనగర్‌లో మోకాటిలోతు మంచు ఉంది. తొమ్మిదేళ్లుగా కరగలేదు. జనానికి అలవాటైపోయింది. లారీలను మడతపెట్టి అటకల మీద పెట్టేశారు. ముందు రెండు పలకలు, వెనక రబ్బరు బెల్టు ఉన్న మంచుబండ్ల మీదే అందరూ తిరుగుతున్నారు. ఆ పలకల్ని స్కీలంటారు.

మస్తానమ్మ షెడ్డు చివరి వీధిలో ఉంది. బండి ముందుభాగాన్ని దారం పట్టి సరిచేయడం ఆమె పని. ఆమె చెయ్యి పడ్డ బండి గీత గీసినట్టు పోతుంది. అయినా ఎవరూ రారు. ఎందుకొస్తారు? తొమ్మిదేళ్ల కిందట లారీ మలుపులో బోల్తాపడి ఆమె మొగుడు నాగులు చనిపోయాడు. ఆ లారీ చక్రాలు సరిచేసింది పేరయ్య మేస్త్రి. పంచాయితీలో మాత్రం, కొలత మస్తానమ్మదేనని చెప్పి చేతులు దులుపుకున్నాడు. మొగుణ్ణి తన చేత్తో తానే చంపుకుందని ఊరంతా ఆడిపోసుకుంది. మంచు ఆ సాయంత్రమే మొదలైంది.

ఇవాళ ఆ పేరయ్యే బండి తోసుకుంటూ వస్తాడు. ఎటు తిప్పినా అది ఎడమకే లాగి నాగులు పడిన మలుపుకే తీసుకుపోతోందట. మలుపు కూడా రోజుకో వీధి చొప్పున తన ఇంటివైపు జరుగుతోందట. మిగతా మేస్త్రీలంతా చేతులెత్తేశారని, గతిలేకే వచ్చానని మొహం మీదే చెబుతాడు.  అయినా మస్తానమ్మ కూర్చోమని స్టూలు చూపిస్తుంది.

హ్యాండిల్ కదలకుండా తాడుతో కడుతుంది. బెల్టు పక్కనుంచి స్కీ కొనదాకా నూలుదారం బిగించి లాగి, ముందు ఎంత సందుందో, వెనక ఎంతుందో వేలితో చూస్తుంది. మంచు మీద నడిచే బండికి స్కీ కొనలు బియ్యపుగింజంత బయటికి విచ్చుకోవాలని, అప్పుడే తిన్నగా పోతుందని చెబుతుంది.

పేరయ్యకు నవ్వొస్తుంది. "లారీ చక్రాలు ముందు కాస్త లోపలికి ముడుచుకుంటాయి. దీనికీ అంతే. నాకే నేర్పుతున్నావటే?"

అతను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. మస్తానమ్మ వాదించదు.

"ఆ రోజు లారీ కొలత మీదేనని నలుగురిలో చెప్పండి మేస్త్రీ. గింజంత విప్పి పంపిస్తా."

"నా కొలతకేం తక్కువ? లోపలికి తిప్పు."

ఆమె లాక్ నట్టు వదులు చేసి, స్కీని హ్యాండిల్‌కి కలిపే టై రాడ్‌ను లోపలికి అరచుట్టు తిప్పి, మళ్లీ బిగిస్తుంది. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. తానుగా ఇంతకన్నా పెద్ద శిక్ష వెయ్యలేనని ఆమెకు తెలుసు.

పేరయ్య బయల్దేరి, వీధి చుట్టూ తిరిగి మళ్లీ షెడ్డుకే వస్తాడు. ఇంకో అరచుట్టు తిప్పమంటాడు. ఈసారి షెడ్డు చుట్టూ తిరిగొస్తాడు. ఇంకో అరచుట్టు. ఇప్పుడు స్టూలు చుట్టూ. చుట్టు చిన్నదయ్యేకొద్దీ అందులో పట్టేందుకు బండీ, దానిమీద పేరయ్యా చిన్నవుతున్నారు. మస్తానమ్మ పధ్నాలుగు నంబరు పానా పక్కన పెట్టి పది తీస్తుంది, తర్వాత ఆరు, తర్వాత పిన్నీసు. తిప్పిన ప్రతిసారీ ఆ ఒక్కమాట అడుగుతుంది. మనిషి తగ్గాడు గానీ పొగరు తగ్గలేదు. కొలత సరైనదేనని, ఇంకో అరచుట్టు పడాలని అంటూనే ఉంటాడు.

చివరికి ఆమె అరచేతిలో గండుచీమంత బండి గిర్రున తిరుగుతూ ఉంటుంది. అప్పుడంటాడు.

"కొలత నాదే. తప్పు నాదే. మస్తానమ్మ ఆ దారం ముట్టుకోనేలేదు."

తొమ్మిదేళ్లు ఎదురుచూసిన మాట. ఆమెకు కళ్లనీళ్లు తిరుగుతాయి. వెంటనే ఒళ్లు మండిపోతుంది. ఎవరికీ వినపడనంత చిన్నవాడయ్యాక చెబుతాడా, దొంగసచ్చినోడు.

"గట్టిగా చెప్పండి మేస్త్రీ. వినపడట్లా."

మళ్లీ చెబుతాడు. ఇక విప్పమని బతిమాలుతాడు. నలుగురిలో అన్నాను గదా, అంటుంది మస్తానమ్మ. అతన్ని బండితో సహా కుడిచెవిలో వేసుకుంటుంది. స్టూలు తెచ్చి వీధి మధ్యలో వేసుకుని కూర్చుంటుంది.

పేరయ్య లోపల తిరుగుతున్నాడు. చుట్టుకోసారి ఆ మాట అంటున్నాడు. ఆ గొణుగుడు ఏమిటోనని ఆనాడు తీర్పు చెప్పిన పెద్దమనిషి మొదట వస్తాడు. మంచులో మోకాళ్లమీద కూర్చుని తన చెవి ఆమె కుడిచెవికి ఆనిస్తాడు. మొహం పాలిపోతుంది. లేవబోతే చెవి ఊడి రాదు. అతని రెండో చెవికి మరొకడు చెవి ఆనిస్తాడు, వాడికి ఇంకొకడు. మాట చెవి నుంచి చెవికి పాకుతుంది. వరస వీధులు దాటుతుంది, బ్యారేజీ దాటుతుంది, ఊరంతా చుట్టేసి వెనక్కి తిరిగొస్తుంది. చివరివాడు వచ్చి మస్తానమ్మ ఎడమచెవికి తన చెవి ఆనిస్తాడు.

ఎవరు కదిలినా మాట కింద పడిపోతుంది. ఎవరూ కదలరు. మంచు వాళ్ల నడుములు దాటి మెడలదాకా వస్తుంది. పేరయ్యను విప్పడానికి మస్తానమ్మకు తొందరేం లేదు.