ఎంగిలి చెయ్యి

"స్కూటర్ తుడవడానికి ఇంట్లో ఇంకే గుడ్డా దొరకలేదా మీకు?"

ఉమాశ్రీ అడిగిన తీరుకి జగన్నాథం చేతిలోని గుడ్డని తిప్పి చూసుకున్నాడు. పెడన కలంకారీ. వెలిసిపోయి, అందులోని నెమళ్లు కోళ్లలా తయారయ్యాయి.

"పాత గుడ్డే కదా?"

"కంప్యూటర్ ముసుగండీ అది."

"ఆ కంప్యూటరే పనిచెయ్యదు. దానికి ముసుగొకటా?"

"పలకని మీ రేడియోని మీరు రోజూ తుడవట్లా?"

రేడియో మాట వచ్చేసరికి జగన్నాథం గుడ్డని మడతపెట్టి అరుగు మీద ఉంచాడు. గెలిచినా ఉమాశ్రీ మనసు కుదుటపడలేదు. ఆమె మంట గుడ్డ గురించి కాదు. నిన్నటి తాటి మంచాల గురించి.

ఆ కంప్యూటర్ తొంభై ఏడులో బెజవాడ నుంచి బస్సులో వచ్చింది. గతుకులకి మానిటర్ ఎక్కడ పగులుతుందోనని ఉమాశ్రీ దాన్ని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని, కాళ్లు తిమ్మిరెక్కినా బందరు దాకా కదల్లేదు. ఆ గదిలోకి చెప్పులతో ఎవర్నీ రానిచ్చేవారు కాదు. దసరాకి దానికీ బొట్టు పెట్టారు. కుంకం రాలి ఫ్లాపీ దూర్చే సందులో పడితే, బడిపంతులు జగన్నాథానికి ఆ పూట ముద్ద దిగలేదు. అసలాయన దాన్ని ముట్టుకోవడానికే జంకేవాడు. గుడివాడ కాలేజీలో బీకాం చదివి, తెలుగు టైపు లోయరు ప్యాసైన ఉమాశ్రీయే పుస్తకం ముందేసుకుని అన్నీ నేర్చుకుంది. ఆయన బడి ప్రశ్నపత్రాలన్నీ ఆమే కొట్టేది. మీట నొక్కి, వెళ్లి బియ్యం కడిగి ఎసట్లో పోసి వచ్చేసరికి అది నింపాదిగా తెరుచుకునేది. మనిషి కోసం ఆగే యంత్రం.

కొడుకు శ్రీచరణ్‌కీ ఆమే నేర్పింది. వాడు తప్పు మీట నొక్కుతుంటే ఆమె వేళ్లు ఊరుకునేవి కావు. అందుకని చేతులు వెనక్కి కట్టుకుని, "ఊఁ, నువ్వే నొక్కు. దాని పక్కది" అంటూ నోటితోనే చెప్పేది.

ఇప్పుడా శ్రీచరణ్ అదే గదిలో కూర్చుని ఏదో కంపెనీకి పనిచేస్తాడు. తల్లికి వాడు చెప్పే పాఠం ఒక్కటే: "ఇటివ్వమ్మా." ఫోన్ వాడి చేతికి వెళ్తుంది, బొటనవేళ్లు జెర్రుల్లా పరుగెడతాయి, "అయిపోయింది" అంటూ తిరిగొస్తుంది. ఏం అయిందో, ఎలా అయిందో చెప్పడు. గ్యాసు బుక్ చెయ్యడం ఆమె పోయిన నెల పట్టుబట్టి నేర్చుకుంటే, ఈ నెలకి ఆ బటన్ రంగు మార్చుకుని ఎక్కడికో పోయింది. అడిగితే, "అప్‌డేట్ అయిందమ్మా. ఇటివ్వు."

ఇక తాటి మంచాలు. గుడివాడ కాలేజీ పాత విద్యార్థుల సంచికకి తలా ఒక పేజీ రాయమన్నారు. వేసవి సెలవుల్లో స్నేహితురాలు జ్యోతిర్మయితో దివిసీమలో వాళ్లింటికి వెళ్లిన సంగతి ఉమాశ్రీ కాగితం మీద రాసుకుంది. దాన్ని ఫోన్లో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొడుతోంది. ఏదో వత్తు దొరక్క "అబ్బా" అంది. అంతే.

"ఇటివ్వమ్మా" అని శ్రీచరణ్ ఫోన్ లాక్కుని, కాగితం చూస్తూ గడగడా పైకి చదివేశాడు. ఫోన్ విని రాసుకుంది. ఆమె పొంగుతున్న పాలు దించి వచ్చేసరికి పేజీ కాలేజీ వాట్సాప్ గ్రూపులోకి వెళ్లిపోయింది, ఆమె పేరుతో.

కాసేపటికి నాగాయలంక నుంచి జ్యోతిర్మయి ఫోన్ చేసింది. "ఏమే ఉమా, 'దివి సినిమా'కి వచ్చి మా అమ్మ పెట్టిన 'తాటి మంచాలు' తిన్నావా? చెదపురుగువటే నువ్వు?"

దివిసీమ. తాటిముంజలు. ఒక్క అక్షరం తప్పుపోకుండా ప్రశ్నపత్రాలు కొట్టిన చేతులవి. గ్రూపులో నవ్వే బొమ్మలు బారులు తీరాయి.

"సరిచేసి పంపుతాలే, ఇటివ్వమ్మా" అన్నాడు శ్రీచరణ్.

ఆమె ఇవ్వలేదు.

ఇవాళ మధ్యాహ్నం తండ్రీకొడుకులకి దోసకాయ పప్పు వడ్డించి, తను వడ్డించుకోకుండా ఎదురుగా కూర్చుంది. శ్రీచరణ్ పప్పు కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఫోన్ తీసింది.

"చిన్నా, పంపిన మెసేజ్ తీసెయ్యాలంటే ఏది నొక్కాలి?"

"ఇటి..." వాడి చెయ్యి సగం దూరం వచ్చింది. వేళ్ల నిండా పప్పు.

"ఎంగిలి చెయ్యిరా!" అన్నాడు జగన్నాథం. ఎంగిలి చేత్తో నీళ్ల చెంబు ముట్టుకున్నా ఆయన ఊరుకోడు.

"పోనీ ఎడం చేత్తో..."

"తినేటప్పుడు ఎడం చెయ్యి ఒళ్లో ఉండాలిరా. నోటితో చెప్పు" అంది ఉమాశ్రీ.

"మెసేజ్ మీద వేలు పెట్టి నొక్కి ఉంచు. అలా కాదమ్మా! వదిలేశావ్. ఇంకాసేపు..." చెయ్యి మళ్లీ లేచి, మళ్లీ కంచంలోకే వెళ్లింది. "నేనైతే చిటికెలో చేసేవాణ్ణి!"

"చిన్నప్పుడు నీకు ఎఫ్ అక్షరం కనపడేలోపు నా అన్నం మాడిపోయేదిరా. చెప్పు."

చెప్పాడు. ఆమె నొక్కింది. తాటి మంచాలు మాయమయ్యాయి.

"ఇద్దరూ వినండి" అంది ఉమాశ్రీ. "ఇకనుంచి నా ఫోన్ ఎవరూ ముట్టుకోవద్దు. వీడు నేర్పేదేదైనా భోజనం దగ్గరే, చెయ్యి ఎంగిలయ్యాకే. ఆ పేజీ మొత్తం నేనే మళ్లీ కొడతాను."

"బాగుంది. మధ్యలో నేనేం చేశానే?" అన్నాడు జగన్నాథం.

"మీరు ఆ ముసుగు ఉతికి ఆరేస్తారు. చిన్నా, వత్తు ఎక్కడుందో చెప్పు. మొదటి పేరా అయ్యాకే మీ ఇద్దరికీ పెరుగు."