మోకాలి కాపడం

ఆ పొద్దున ఆకాశం తెల్లారినా తేటపడలేదు. శామీర్‌పేట చెరువు మీద మంచు కదలకుండా కూర్చుంది. సూర్యుడు వచ్చాడో లేదో తెలియదు. తూర్పున ఒక చోట మాత్రం ఆ తెలుపు కొంచెం పసుపు తేలింది. బండి నడుపుతున్న ఓదెలుకు చలికి చేతివేళ్లు కొంకర్లు పోయాయి. కాళ్ల దగ్గర చేపల డబ్బా. వెనక కూతురు అశ్రిత, ఆమె ఒడిలో రెక్క విరిగిన బొమ్మ విమానం.

విమానాన్ని అశ్రిత కండ్లకోయ కాలేజీలో తోటి పిల్లలతో కలిసి చేసింది. చేతిలోని రిమోటుతో నడుస్తుంది. నిన్న సాయంత్రం చెరువు గట్టున ఎగరేస్తుంటే ముక్కు కిందికి పెట్టి బండల మీద పడి, నీళ్లలోకి దొర్లింది. ఓదెలు తెప్ప వేసుకుని పోయి తెచ్చాడు.

"ఇంట్లకు తేకు నాయినా, బయటనే ఉండనియ్యి" అంది కూతురు. బురద కారుతుందని అనుకున్నాడు. ఎందుకని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ ఇంట్లో మాటలు ఎప్పుడూ అంతే.

తూంకుంటలో రోడ్డు పక్కన ఓదెలు చేపలు అమ్మే చోటికే కాలేజీ బస్సు వస్తుంది. బండి దిగిన అశ్రిత విమానం పొట్ట మీది మూత తీసి చూసి, అట్లాగే నిలబడిపోయింది.

"నాయినా, ఇండ్ల బ్యాటరీ ఏది?"

"ఆరబెట్టిన" అన్నాడు ఓదెలు. కూతురికి ఒక పని చేసిపెట్టానన్న సంబరం గొంతులో కొంచెం పలికింది.

"ఏడ?"

"బియ్యం డబ్బల. నా ఫోన్ చెరువుల పడ్డనాడు గట్లనే పెడితె మల్ల మోగలే?"

చెరువు మీద బతికేవాళ్లలో ఫోను తడవని మనిషి లేడు. తడిసిన ప్రతి ఫోనూ బియ్యంలోకే పోతుంది.

"ఉబ్బి ఉండెనా అది?"

"జర్రంత. పూరి లెక్క."

అశ్రిత ఫోను బయటికి తీసింది. "గది ఫోన్ లెక్క కాదు నాయినా. దెబ్బ తాకిన బ్యాటరీ లోపల్నే కాగుతది. పొద్దుందాక సప్పుడు చెయ్యదు, ఒక్కపారి భగ్గుమంటది. గందుకే బయట ఉండనియ్యమన్న. ఇంట్ల అవ్వ ఉన్నది."

ఓదెలుకు గొళ్లెం గుర్తుకొచ్చింది.

ఆయన తల్లి జంగమ్మకు మతి నిలవడం లేదు. ఒకసారి ఇల్లు విడిచి నడుచుకుంటూ కరీంనగర్ రోడ్డు దాకా పోతే ఎవరో లారీ ఆపి పక్కకు నిలబెట్టారు. అప్పటి నుంచి అందరూ పనికి పోయేటప్పుడు బయటి నుంచి గొళ్లెం పెడుతున్నారు. భార్య బాలమణి ఇళ్ల స్థలాల వెంచర్లో కూలికి తెల్లవారకముందే పోయింది. ఈ పొద్దు గొళ్లెం పెట్టింది ఓదెలే.

"పక్కింటి పద్మక్కకు ఫోన్ జెయ్యి" అన్నాడు.

"చేస్తనే ఉన్న. ఎత్తుతలేదు."

చేపల డబ్బా అక్కడే దించేశాడు. దాన్ని చూడమని ఎవరికీ చెప్పలేదు. బండి తిప్పాడు.

దారి పొడుగునా ఆయన కళ్లు ఇల్లున్న వైపే ఉన్నాయి. అటు అంతా తెల్లగా ఉంది. అది మంచో, పొగో. చెట్ల మీద సుడి తిరుగుతున్నదేదో కనిపిస్తే పొగే అనుకుని బండిని ఇంకా ఉరికించేవాడు. దగ్గరికి పోతే మంచే. మళ్లీ ఇంకోచోట కనిపించేది. ఇంట్లో బియ్యం డబ్బా పక్కనే నైలాను వలల కుప్ప. కుప్ప పక్కనే తల్లి మంచం. వల ఒక నిప్పురవ్వకే నూనెలా కరిగి కారుతుంది. అది ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"జల్దీ పో నాయినా" అని ఒక్కసారే అంది అశ్రిత. తర్వాత పద్మక్కకే మళ్లీ మళ్లీ ఫోను చేస్తూ కూర్చుంది.

ఇల్లు ఉన్నట్టే ఉంది. గొళ్లెం తీసే చేతికి గొళ్లెం దొరకలేదు, రెండుసార్లు జారింది.

లోపల డబ్బా మూత తీసి ఉంది. నేల మీద బియ్యం చెదిరి ఉన్నాయి. అశ్రిత డబ్బాలోకి వంగి చూసింది. అందులో లేదు. ఇంట్లో ఏదో తియ్యటి వాసన, గోళ్ల రంగు సీసా మూత తీసినట్టు.

మంచం మీద జంగమ్మ కాలు చాపుకుని కూర్చుంది.

"ఏందిరా ఓదిగా, గప్పుడే వచ్చినవ్? చేపలు కుక్కలెత్కపోయినయా?"

ఆమె మోకాలికి పాత చీర ముక్క కట్టి ఉంది. చలికాలం పొద్దున ఇటుక కాచి, గుడ్డ చుట్టి, మోకాలికి కట్టుకోవడం ఆమెకు ఎప్పటి నుంచో అలవాటు. ఇటుక మాత్రం చల్లటి పొయ్యి పక్కనే ఉంది.

"అవ్వా" అంది అశ్రిత, గొంతు మెల్లగా చేసుకుని. "మోకాలికి ఏం కట్టినవే?"

"నీ అయ్య నాకోసమని బియ్యంల దాసిండు. ఇటుక కన్న మంచిగున్నది. కట్టినప్పుడు గింత లేకుండె, ఇప్పుడు మస్తు ఎచ్చగైతాంది."

అశ్రిత చేపలు కోసే కత్తి అందుకుంది. అందుకుని, మళ్లీ దూరంగా పెట్టేసింది. "కత్తి వద్దు నాయినా. మొన తాకితే అయిపోతది. నొక్కొద్దు, వంచొద్దు. ముడి ఇప్పు."

ఓదెలు మోకాళ్ల మీద కూర్చున్నాడు. అది వల ముడి. జంగమ్మ బతుకంతా వలలు అల్లింది. ఏ సంగతి మరిచినా చేతులు ఆ ముడిని మరవలేదు. లాగేకొద్దీ బిగిసే ముడి. కొసను వెనక్కి నెడితేనే వదులవుతుంది. నెట్టాలంటే వేలు కింద ఆనించాలి. కిందనే అది ఉంది. గుడ్డ బిర్రుగా ఉబ్బి, వేళ్ల కింద చిన్నగా కదిలినట్టయింది. కాపడం వేడి కాదది. పెనం వేడి.

"గీ ముడి ఇప్పరాదు గని చేపలు పడ్తవా? చిన్నప్పుడు గూడ గింతే, వట్టి మొద్దువి."

"అవునే అమ్మా, మొద్దునే. జర కదలకు."

"కాలుతాందిరా!" జంగమ్మ కాలు గుంజుకోబోయింది. అశ్రిత ఆమె తలను తన పొట్టకు ఆనించుకుని, రెండు చేతులా పట్టుకుంది. ఓదెలు ఊపిరి బిగబట్టి, గోటితో కొసను నెట్టాడు. కదల్లేదు. మళ్లీ నెట్టాడు. దారమంత సందు పడింది. అందులోకి చిటికెనవేలు దూర్చాడు.

ముడి వదిలింది.

గుడ్డ నాలుగు కొసలూ పట్టుకుని, ఒంటికి దూరంగా వేలాడదీసి లేచాడు.

"ఉరకకు నాయినా, పడ్తవ్. ఎదురింటి ఇసుక మీద పెట్టు. పెట్టినంక వంగి చూడకు, పొగ పీల్చకు."

వాకిలి దాటాడు. ఎదుట కడుతున్న ఇంటి ముందు ఇసుక కుప్ప. అంత దగ్గరిది ఎప్పటికీ రానట్టే ఉంది. గుడ్డలోంచి బుస్సుమని చప్పుడు మొదలైంది. కుప్ప మీద దించి, వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాడో లేదో, వీపుకు సెగ తగిలింది. తెల్లటి పొగ, పొగలోంచి కొలిమి మంటలాంటి మంట. చీర ముక్క కనబడకుండా పోయింది. ఓదెలు దూరం నుంచి పారతో ఇసుక ఎగజల్లాడు. ఇసుక కింద కూడా అది చాలాసేపు గుర్రుమంది.

అశ్రిత అవ్వను చంకల కింద పట్టి ఇంటి వెనకకు తీసుకుపోయింది. జంగమ్మ తల తిప్పి పొగ వైపు చూసింది. తన మోకాలు చూసుకుంది. అక్కడ అరచేతి మేర ఎర్రగా కమిలి ఉంది. అశ్రిత దాని మీద చల్లటి నీళ్లు పోసింది.

మధ్యాహ్నానికి బాలమణి వచ్చింది. ఓదెలు రెండు మాటల్లో చెప్పాడు. ఆమె మొదట అత్త మోకాలికి వెన్న రాయబోతే, అశ్రిత వద్దని మళ్లీ చల్లటి నీళ్లు పోసింది. బ్యాటరీ రసం తగిలి ఉంటుందని డబ్బాలోని బియ్యం మొత్తం గుంత తీసి పూడ్చారు. ఓదెలు రాయి తీసుకుని తలుపు గొళ్లెం మీద కొట్టాడు. మేకులతో సహా ఊడి వచ్చేదాకా కొట్టాడు.

బాలమణి జొన్నరొట్టెలు చేసింది. రాత్రి మిగిలిన చేపల పులుసు ఉంది. నలుగురూ వాకిట్లోనే కూర్చున్నారు. మంచు ఎప్పుడు విడిచిందో, ఎండ కాస్తోంది. ఎదుట ఇసుక మీద నల్లటి మచ్చ. అటు ఎవరూ చూడలేదు. అశ్రిత రొట్టె తుంచి, ముల్లు తీసిన చేప ముక్క పెట్టి, అవ్వ నోటికి అందించింది. ఓదెలు బొబ్బలెక్కిన వేళ్లతో రొట్టె తుంచలేకపోతుంటే, జంగమ్మ తన పళ్లెం జరిపి ఆయన రొట్టెను ముక్కలు చేసి పెట్టింది. ఆయన తిన్నాడు.