వజ్రమ్మ నవ్విన ఫ్లెక్సీ

నేను ఒక ఫ్లెక్సీని. మనుషులకు పుట్టాక బట్ట కడతారు. నన్ను మాత్రం గుంటూరులో, రంగు వాసన పోకముందే తీసుకెళ్ళి స్తంభాలకు కట్టారు. ఒక గుండె ఆస్పత్రి ప్రచారం కోసం పుట్టాను. ఎడమ పక్క చేతులు కట్టుకున్న డాక్టరుగారు, కుడి పక్క నెమలికంఠం రంగు చీరలో నవ్వుతున్న వజ్రమ్మ, మధ్యలో ‘నా గుండె ఇప్పుడు భద్రం’ అని తాటికాయలంత అక్షరాలు.

ఆ నవ్వు సంగతి చెప్పాలి. ఆపరేషన్ అయ్యాక రోగుల ముఖాలు పీక్కుపోతాయి, ఫొటోకు పనికిరావు. అందుకని ‘కోలుకున్నవాళ్ళ’ ఫొటోలు ఆస్పత్రిలో చేరిన రోజే తీసుకోవడం అక్కడి ఆనవాయితీ. ఉపచారం కన్నా ప్రచారం ముందు. ఆ ప్రచారం పనులు చూసుకునే హేమంత్ చెడ్డవాడేం కాదు, వజ్రమ్మను పెద్దమ్మా అని పిలిచి, నవ్వించి మరీ తీశాడు. ఆమె భర్త సాంబయ్యది ఇస్త్రీ బండి. ఫొటో అనగానే ఇంటికి పరిగెత్తి, ఆమె పెళ్ళిళ్ళకు కట్టే చీరను ముడత లేకుండా ఇస్త్రీ చేసి తెచ్చాడు. ఆ సంబరం చూసి, ఫ్లెక్సీ నీ బండి ఎదురుగానే కట్టిస్తానని హేమంత్ మాటిచ్చాడు.

మాట నిలబడింది. గుండె నిలబడలేదు. నన్ను కూడలిలో కట్టిన పొద్దుటే వజ్రమ్మను ఆపరేషనుకు తీసుకెళ్ళారు. ఆమె మళ్ళీ కళ్ళు తెరవలేదు. నేను అచ్చయ్యాను గానీ, ఆమెకు అచ్చిరాలేదు.

పెద్దకర్మ అయ్యాక సాంబయ్య బండి తెరిచాడు. ఎదురుగా నేను. తల తిప్పుకుందామంటే నన్ను నాలుగు మూలలా కట్టేశారాయె. బట్టలు తెచ్చేవాళ్ళు నన్ను చూసి, ఆయన్ను చూసి సంతోషపడేవాళ్ళు.

“ఏం మామా, అత్తకి బాగైపోయిందంటగా. బోర్డు మీద ఎంత కళగా నవ్వతా ఉందో” అంది ఒకామె.

సాంబయ్య ఇస్త్రీపెట్టె ఎత్తడం మరిచిపోయాడు. ఆమె జాకెట్టు కాలిపోయింది.

ఆ సాయంత్రమే ఆస్పత్రికి వెళ్ళి, నన్ను దింపించమని హేమంత్‌ను బతిమాలాడు. ప్రచారం నెలాఖరు దాకా నడవాలని పైవాళ్ళు పట్టుబట్టారట. హేమంత్ నేల చూస్తూ చెప్పాడు. నేలకేం తెలుసు, ఆకాశంలో నవ్వుతున్నది నేను. అప్పటినుంచి సాంబయ్య బండిని అటు తిప్పి పెట్టుకుని, నాకు వీపు చూపిస్తూ ఇస్త్రీ చేశాడు. అయినా విసనకర్రతో బొగ్గులు విసిరేటప్పుడు ఒకసారి మెడ తిరిగేది.

నెలాఖరుకు ఆస్పత్రి మనుషులు వచ్చి నన్ను దింపారు. మిర్చి బస్తాల మీద కప్పడానికి ముక్కలు చేద్దామని ఒకడు కత్తి తీశాడు. సాంబయ్య పరిగెత్తుకొచ్చి అడ్డం నిలబడ్డాడు.

“దింపమని గోల చేసింది నువ్వేగా పెద్దాయనా?”

“దింపమన్నా బాబూ. చింపమన్లా.”

డాక్టరుగారినీ, ఆ పెద్ద అక్షరాలనూ కత్తెరతో ఆయనే కోసి పక్కన పెట్టాడు. సగం ఒళ్ళు పోయింది. మంచిదే, అబద్ధమంతా ఆ సగంలోనే ఉంది.

ఇప్పుడు నేను ఆ ఇస్త్రీ బండికి కప్పును. బొమ్మ లోపలికి. పైనుంచి చూసేవాళ్ళకు ఉత్త తెల్లపట్టాను. తడిబట్టల ఆవిరి లేచి వజ్రమ్మ చెంపల మీద చుక్కలు కడుతుంది. సాంబయ్య మెత్తటి గుడ్డతో తుడుస్తాడు.

రంగు లోపలికి తిప్పావేంటని ఎవరైనా అడిగితే, తల ఎత్తకుండానే చెబుతాడు.

“ఎండకి వెలిసిపోద్దిగా.”