వెనుక దర్వాజ చప్పుడు

చచ్చిపోయిన మనిషి వచ్చి తలుపు కొడితే తీయాలో వద్దో నాకెవరూ నేర్పలేదు. పెళ్లికి ముందు వేములపల్లిలో మా అమ్మ చాలా నేర్పింది. అత్త కూర్చోకముందు కూర్చోవద్దని, మొగుడు తినకముందు తినవద్దని, ఇంటి గుట్టు పొరుగింటికి చెప్పవద్దని. ఇదొక్కటి మరిచిపోయింది.

కోదాడకు కాస్త ఎడంగా ఉన్న ఊళ్లో మా అత్తవారిది పాత కట్టె ఇల్లు. టేకు దూలాలు, వాటి మీద దంతెలు, చావట్లో నాలుగు స్తంభాలు, పైన మట్టి మిద్దె. వెనుక పెరట్లోకి ఒక చిన్న తలుపు ఉండేది. నా మొగుడు గోపాల్ నిజాం మీద పోరాడే సంఘంలో కలిసి ఇల్లు విడిచాక, వచ్చినప్పుడల్లా ఆ తలుపు దగ్గరికే వచ్చేవాడు. రెక్క మీద కొడితే గొళ్లెం మోగుతుంది, గొళ్లెం మోగితే వీధంతా వింటుంది. అందుకని పక్కనున్న దర్వాజ, అంటే ద్వారబంధం, ఎడమ నిలువు మీద వేలి కణుపుతో కొట్టేవాడు. రెండు వెంటవెంటనే, మూడోది కాస్త ఆగి. పశువులు ఇళ్లకు మళ్లే వేళ, ఆ దుమ్ములో ఆ సందట్లో కలిసిపోయి వచ్చేవాడు. మా అత్త సుందరమ్మ తలుపు తీసి చెంబుతో నీళ్లిస్తే, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేవాడు.

రజాకార్లు పోయారు, మిలిటరీ వచ్చింది. ఇక మనవాళ్లు ఇళ్లు చేరతారని సంబరపడ్డాం. ఆ మిలిటరీయే సంఘం వాళ్లను వెతకడం మొదలుపెట్టింది. మిర్యాలగూడ నుంచి వచ్చిన బండ్లు మా ఊరి పొలిమేరలో ఆగేవి. గోపాల్ కృష్ణానది దాటి అడవుల్లోకి పోయాడు.

ఆ తర్వాత వచ్చిన ఎండాకాలంలో గాజుల సైదయ్య సూర్యాపేట నుంచి గాజుల మలారం భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చాడు. గాజులమ్ముతూ సంఘం కబుర్లు మోస్తాడని నాకు తెలుసు. అరుగు మీద నన్ను కూర్చోబెట్టి, నా చెయ్యి నొక్కి గాజులెక్కిస్తూ, తల ఎత్తకుండా చెప్పాడు.

"గోపాల్ లేడమ్మా. ఏడువకు. నువ్వేడిస్తే ఊరికి తెలుస్తది. ఊరికి తెలిస్తే మిలిటరీ వస్తది, నీకెవలు చెప్పిన్రని అడుగుతది. ఆయనెంట ఉన్నోళ్లు ఇంకా బతికున్నరు."

అని, మిగిలిన గాజు కూడా తొడిగాడు. మొగుడు పోయాడని చెబుతూ గాజులు తొడిగే మనిషి లోకంలో ఇంకొకడుంటాడా? అప్పుడు తిట్టలేదు గాని, తలుచుకుంటే ఇప్పటికీ తిట్టాలనిపిస్తుంది. అత్త చావట్లో బియ్యం చెరుగుతోంది. నేను లేచి తిన్నగా బావి దగ్గరికి పోయి, నీళ్లు తోడి ముఖం మీద కొట్టుకున్నాను.

అత్తకు చెప్పలేదు. ఒక్క కొడుకు. పడుచుతనంలోనే మొగుడు పోతే ఆ ఒక్కణ్ణి చూసుకుని బతికిన మనిషి. ఏ నోటితో చెప్పను? పొద్దున్నే అద్దం ముందు కూర్చుని బొట్టు పెట్టుకుంటే దొంగసొమ్ము ఒంటి మీద వేసుకున్నట్టుండేది.

అత్త ఏమో ప్రతి సాయంత్రం వెనుక గడప బయట చెంబెడు నీళ్లు పెట్టడం మొదలుపెట్టింది. బయట పెట్టిన నీళ్లు ఇంట్లోకి తేకూడదని, మర్నాడు వాటిని ఎడమ నిలువు మొదట్లో పారబోసి, చెంబు తోమి, కొత్త నీళ్లు పెట్టేది. పక్కింటి లచ్చమ్మ నోట్లో నువ్వు గింజ నానదు. కొడుకు వస్తడని సుందరమ్మ కాళ్లకు నీళ్లు పెడుతున్నదని ఊరంతా చెప్పింది. ఊరంతా అయ్యో అన్నది. నేను మాత్రం ఆ చెంబు వంక చూడలేకపోయేదాన్ని.

వానలు పడ్డాక చప్పుడు మొదలైంది.

మొదటిసారి విన్నప్పుడు పొయ్యి ముందు కూర్చున్నాను. పశువులు మళ్లే వేళ. వెనుక తలుపు పక్కన, సరిగ్గా ఆ నిలువులో నుంచి, టక్ టక్. కాస్త ఆగి, టక్. నా చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది. అత్త లేచింది. గొళ్లెం తీసి, తలుపు వారగా తెరిచి, బయటికి వంగి ఏదో గొణిగింది. ఏమన్నదో నాకు వినపడలేదు. లోపలికి పిలుస్తోంది కాబోలు అనుకున్నాను. కాసేపటికి తలుపేసి వచ్చి, ఏమీ జరగనట్టు నా ఎదురుగా కూర్చుంది. అన్నం పెట్టమంది.

ఆనాటి నుంచి రోజూ అంతే. చప్పుడు కావడం, అత్త లేవడం, ఆ గొణుగుడు. నేను పొయ్యి దగ్గర బిగుసుకుపోయి కూర్చునేదాన్ని. మొగుడొస్తే భయమేమిటంటారేమో. బతికున్న మొగుడు కాదు కదా వచ్చింది. ఆయనంటే నాకు ప్రాణం, ఆయన చప్పుడంటే నాకు చావు. తలుపు తీస్తే ఏ ముఖంతో ఉంటాడో, ఎక్కడ గుండు తగిలి ఉంటుందో అని తలుచుకుంటే మెతుకు దిగేది కాదు.

భూతవైద్యుణ్ని పిలిపిద్దామంటే, బతికున్నవాడి దయ్యం వస్తుందా అని ఊరడుగుతుంది. ఎవరికీ చెప్పుకోలేక నాలో నేనే కుళ్లిపోయాను. ఒకరోజు వంటింటి దంతెలో నుంచి సన్నని పొడి బియ్యపు చేట మీద రాలింది. ఆ వంకన వెనుక తలుపు కూడా చూపించవచ్చని, దేవుడే పొడి రాల్చాడనుకున్నాను.

"చెదలు పట్టినట్టుంది అత్తమ్మా. వడ్ల సోమయ్యను పిలిపించి ఇల్లంత కొట్టి చూపిద్దమా?" అన్నాను.

అత్త చాలాసేపు నా ముఖం చూసింది. "పిలిపియ్యి" అన్నది.

హుజూర్‌నగర్ నుంచి వడ్రంగి సోమయ్య మధ్యాహ్నానికి వచ్చాడు. నత్తగుల్లలాంటి మనిషి, నిదానం. నిచ్చెన వేసుకుని ఒక్కొక్క దూలాన్నీ ఉలి పిడితో కొట్టి, తల వంచి వినేవాడు. మళ్లీ జానెడు జరిగి కొట్టేవాడు. ఆ చప్పుడుకు నాకు ప్రాణం పోతోందని ఆయనకేం తెలుసు.

"గట్టి కట్టె గట్టిగనే పలుకుతదమ్మా. తిన్న కట్టె డొల్ల పలుకుతది," అన్నాడు. పొడి రాలిన దంతెను గోటితో గీకి చూసి, "గిది పుచ్చు పురుగు, చెద కాదు. పరేషాన్ గాకు. దూలాలు, కంబాలు మంచి చేవ. ఇంకో తరం నడుస్తయి" అని దిగాడు.

"వెనుక దర్వాజ కూడ చూడు సోమయ్యా," అన్నాను. అత్త ముందు చావట్లోనే ఉండిపోయింది.

అత్త వారం వారం పసుపు రాసి కుంకుమ పెట్టే దర్వాజ అది. చూడటానికి పెళ్లికూతురులా ఉంది. సోమయ్య ఎడమ నిలువు మొదట్లో సూదిమొన ఆర గుచ్చితే పిడి దాకా దిగిపోయింది. "పైన పటారం, లోన లొటారం" అని నవ్వి, పసుపు పెచ్చు ఒకటి లేపాడు. లోపల కట్టె లేదు. తడి మన్ను, ఆ మన్నులో తెల్లగా కదిలే పురుగులు.

"చెవి పెట్టి ఇను," అన్నాడు.

గోపాల్ వేలు పడి నునుపు తేలిన చోట ఒకటుంది. అక్కడే చెవి ఆనించాను. లోపల నుంచి వచ్చింది, టకటకమని.

"వాటిల్ల కాపలా పురుగులుంటయి. అలికిడైతే తలకాయ కట్టెకేసి కొడతయి. మిగిలినయి తప్పుకోవాలె గద."

"రెండు కొట్టి, ఆగి ఒకటి కొడతయా?"

"పురుగుకు లెక్కేముంటదమ్మా."

మళ్లీ విన్నాను. ఒకసారి నాలుగు. ఒకసారి చాలా. ఒకసారి ఒక్కటే. లెక్క లేదు. లెక్క పెట్టుకున్నది నేను.

నవ్వొచ్చింది ముందు. దయ్యం లేదు, ఏమీ లేదు, పురుగులకు భయపడి ఇన్నాళ్లు తిండి మానేశాను. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపొచ్చింది. దయ్యమైనా వస్తున్నాడు కదా అని నాలో ఒక మూల ఉండేది కాబోలు. ఇప్పుడు అదీ లేదు. సోమయ్య పెద్దమనిషి, అటు తిరిగి ఆర తుడుచుకున్నాడు.

"గీ మొదట్ల గింత తడి ఎక్కడిది? వాన పడే చోటు గాదు," అన్నాడు కాసేపటికి. చెంబు సంగతి చెప్పాను. తల ఊపాడు. "నీళ్లు పోసి చెదను పిలిచినట్టయింది. పైన దూలం దీని మీదనే నిలబడ్డది. ఇది కూలితే మిద్దె మీదికొస్తది. దర్వాజ తీసెయ్యాలె, నీళ్లు బందు చెయ్యాలె. గోడకు పేర్చిన కట్టెలు గూడ ఎడంగ జరపాలె. ఏటా వానలకు ముందొకపారి కొట్టిచ్చి సూసుకోవాలె."

నీళ్లు బందు పెట్టమని ఆమెకు ఎవరు చెబుతారు? ఎదురుచూడొద్దని చెప్పినట్టే కదా. సోమయ్య సామాన్లు సర్దుకుని వెళ్లిపోయాడు. నేను పెరట్లో గోడ పక్కనున్న వంటచెరకు ఒక్కొక్కటే తీసి దూరంగా వేస్తూ, ఆ మాట ఎట్లా ఎత్తాలా అని ఆలోచిస్తున్నాను. పశువులు మళ్లుతున్నాయి. దుమ్ము లేచింది. నేను కట్టెల మోపు వెనుక వంగి ఉండగా ఆ నిలువు టకటకమంది.

గొళ్లెం తీసిన చప్పుడు. అత్త తలుపు వారగా తెరిచి బయటికి వంగింది. ఇన్నాళ్లూ లోపలి నుంచి గొణుగుడే విన్న నాకు, మొదటిసారి మాటలు వినపడ్డాయి.

"వచ్చినవా కొడుకా. నీళ్లు తాగు. తాగి పో. లోపలికి రాకు నాయనా. నీ సప్పుడుకు పిల్ల బెదురుతున్నది, తిండి తింటలేదు. దాని చేతికి గాజులుండనియ్యి. పో బిడ్డా, పో."

నా చేతిలోని కట్టె కింద పడింది. అత్త తల తిప్పి నన్ను చూసింది. ఉలిక్కిపడలేదు.

"ఎప్పటిసంది తెలుసు అత్తమ్మా?"

"నువ్వు గాజులేసుకున్ననాడే." గడప మీద కూలబడింది. "కొత్త గాజులేసుకున్న పిల్ల అత్త కాళ్లకు మొక్కకుండ బాయి కాడికి పోతదా? మొక్కితే నేను ముత్తైదువుగ ఉండుమని దీవించాలె. ఆ దీవెన నీకు పనికిరాకుండ పోయిందని అప్పుడే ఎరికైంది."

నిజమే. సైదయ్య లేచాక నేను మొక్కడం మరిచిపోయాను. పెళ్లైనప్పటి నుంచి ఒక్కసారీ మరవనిదాన్ని.

"మరి ఆ నీళ్లు?"

"కాళ్లకు కాదు. దూపకు. దినం చెయ్యకపోతిమి, పిండం పెట్టకపోతిమి. గొంతెండి తిరుగుతడు కద."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఇద్దరం ఏడుస్తం. ఇద్దరం ఏడిస్తే ఊరొస్తది. ఊరొచ్చి నీ గాజులు పలగ్గొడ్తది, బొట్టు తుడుస్తది." తన బోసి చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. "నాకు పలగ్గొట్టిననాడు నాదీ నీ ఈడే. తల్లి ఎదురుచూసినన్ని దినాలు కోడలి గాజుల జోలికి ఎవ్వరు రారు. అందుకని ఎదురు సూస్తున్న."

పక్కన కూర్చుని ఆమె మోకాళ్ల మీద తల పెట్టాను. ఇద్దరం ఏడ్చాం. నోట్లో కొంగులు కుక్కుకుని ఏడ్చాం, లచ్చమ్మకు వినపడకుండా. చాలాసేపటికి చెప్పాను, అది ఆయన కాదని, చెదలని, ఆమె పోసిన నీళ్లకే వచ్చాయని.

అత్త ఆ నిలువు వంక చూసింది. "అయితే నేనిన్ని దినాలు పొమ్మన్నది పురుగులనా," అన్నది. ఆగి, "వాడు ఒక్కనాడన్న రాలేదా," అన్నది. ఆ మాట నా గుండెలో ఇప్పటికీ ఉంది.

వానలు వెనక్కి పట్టాక సోమయ్య ఆ దర్వాజ పీకేశాడు. చేతులతో విరిస్తే విరిగింది. దాన్ని పెరట్లోనే కాల్చాం. మళ్లీ కట్టె వద్దంది అత్త. మట్టపల్లి వైపు నుంచి నాపరాయి పలకలు తెప్పించి, నిలువులు రెండూ, గడపా రాతితోనే కట్టించాం. అన్నీ అయ్యాక అత్త అరచెయ్యి రాతి మీద పెట్టి అడిగింది.

"దీని మీద వేలితోటి కొడితే లోపలికి ఇనపడతదా సోమయ్యా?"

"రాయి కదమ్మా. ఇనపడది."

"గదే మంచిది," అన్నది, నా వైపు చూడకుండా.

చెంబు మానలేదు. గోడకు దూరంగా, నిమ్మచెట్టు కింద పాత రోలు బోర్లించి దాని మీద పెడుతోంది. పాత నీళ్లు చెట్టుకు పోస్తోంది. లచ్చమ్మ గోడ మీది నుంచి అడుగుతూనే ఉంది. "ఇంక వస్తడంటవా సుందరమ్మా?" అత్త నా చేతుల వంక ఒకసారి చూసి, "వస్తడు" అంటుంది. ఆ అబద్ధం తిని నా గాజులు బతుకుతున్నాయి.

ఆ చలికాలం చప్పుడు లేదు. నాకు ఆకలి తిరిగి వచ్చింది. పశువులు మళ్లే వేళ ఇద్దరం పొయ్యి ముందు కూర్చుంటే, కట్టెలు చిటపటమనడం తప్ప ఏమీ వినపడేది కాదు. ఆ నిశ్శబ్దం అలవాటవుతోంది అనుకుంటున్న రోజుల్లో, ఒక సాయంత్రం వెనుక తలుపు వైపు నుంచి విన్నాను.

టక్ టక్. కాస్త ఆగి, టక్.

అత్త చెయ్యి చేట మీద ఆగింది. నేను ఆమె ముఖం చూశాను. ఆమె నా గాజులు చూసింది.

"చెదలు," అన్నది, మెల్లగా.

రాతికి చెద పట్టదని ఇద్దరికీ తెలుసు. అత్త కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. మంచినీళ్ల చెంబు తీసుకుని ఈసారి నేను లేచాను.