చెన్నరాయప్ప ఆకు పక్కన ఇంకో ఆకు

గంగులమ్మ ఇడ్లీ పాత్ర మూత తీసేసరికి ఊరిగాం స్టేషనులో బెంగళూరు బండి కూత పెట్టింది. వేళ్ళు చన్నీళ్ళలో ముంచుకుంటూ, ఆవిరిలోంచే ఇడ్లీలు తీసి ఆకుల్లో వేసింది. పొట్టి మనిషి, గట్టి మనిషి. మోచేతి మీద పాత కాలిన మచ్చ. బంగారు గనుల మైను మూతపడి ఊరు ఊరంతా బెంగళూరికి కూలికి పోతుంటే, ఆ పోయేవాళ్ళ కడుపు నింపడమే ఆవిడ పని.

"ఈ పొద్దు ఇంతే నాయనా. పెద్దల పండగ, ఇంటికాడ పని కుప్పలుగా ఉండాది" అని గిన్నెలు నెత్తిన పెట్టుకుంది.

పండగను మించిన హడావిడి ఇంకొకటుంది. కూతురు నాగరత్న వాళ్ళ మేడం వస్తోంది. నాగరత్న బెంగళూరు యూనివర్సిటీలో కొరియా గురించి చదువుతోంది. చరిత్ర ఒకరు చెబుతారట, అక్కడి కుటుంబాల సంగతి ఒకరు, కథలూ సినిమాలూ ఒకరు, వ్యాపారం మరొకరు. "ఒక్క దేశానికి ఇంతమంది అయ్యవార్లా? అదేమన్నా చంటిబిడ్డా, తలా ఒక ఘడియ ఎత్తుకునేదానికి!" అని మొదట్లో నవ్వింది గంగులమ్మ. ఇప్పుడు ఇడ్లీ కొనేవాళ్ళకల్లా అడక్కపోయినా చెబుతుంది.

చనిపోయిన పెద్దలకు కొరియాలో ఎలా పెడతారు, కోలారు సీమలో ఎలా పెడతారు? ఇదీ నాగరత్న చివరి ఏడాది ప్రాజెక్టు. మార్కులు వేసే నామ్ మేడం కొరియా మనిషే.

"మేడం మొదట్నించీ కడదాకా చూడల్లమ్మా. నువ్వు దేనికీ అడ్డం చెప్పొద్దు" అంది నాగరత్న.

గంగులమ్మకు అక్కడే వచ్చింది చిక్కు. మొగుడు చెన్నరాయప్ప బతికున్నప్పుడే పరాయివాళ్ళ ముందు ముద్ద ముట్టేవాడు కాదు. భూమి అడుగున మింగిన దుమ్మంతా దగ్గుగా తిరిగొచ్చేది. నలుగురిలో అది మొదలైతే పాపం సిగ్గుతో చచ్చిపోయేవాడు. షిఫ్టు దిగి వస్తే గుమ్మం బయటే నిలబడి, దగ్గు తీర్చుకుని గానీ లోపలికి వచ్చేవాడు కాదు. అందుకే పండగనాడు ఆయనకు ఆకు వేశాక తలుపు మూసి, ఇంటివాళ్ళు కూడా బయట కూర్చుంటారు. లోపల కొత్త మనిషి కూర్చుంటే, ఏడాదికొక్క పూట వచ్చే మొగుడు పస్తుతో వెనక్కి పోవలసిందే. పోనీ ఆవిడను లేచి పొమ్మంటే కూతురి చదువు ఏం గాను?

మధ్యాహ్నానికి నామ్ మేడం రానే వచ్చింది. నెరిసిన పొట్టి జుట్టు, గుండ్రటి మొహం. చెప్పులు వీధిలోనే విడిచింది. గంగులమ్మ చెన్నరాయప్ప ఆకులో సంగటి, ఎండుచేపల పులుసు, మాంసం వడ్డించి, పక్కన బీడీకట్ట, కొత్త పంచె పెట్టింది.

"మీయమ్మ ఉండాదా తల్లీ?" అని మేడం వైపు తిరిగింది.

నాగరత్న కొరియా మాటల్లో అడిగింది. మేడం తల అడ్డంగా ఊపింది.

"అయితే ఆయమ్మ మాత్రం పస్తెందుకు ఉండల్ల?" అని గంగులమ్మ ఇంకో ఆకు వేసి తెల్లన్నం పెట్టింది. మేడం ఒక చెంచా అడిగి పుచ్చుకుని అన్నం మధ్యలో నిలువుగా గుచ్చింది.

"వాళ్ళూర్లో పోయినోళ్ళకు అట్లే పెడతారమ్మా" అని చెప్పి, నాగరత్న కర్పూరం వెలిగించింది.

ఇంగ బయటికి పోవాలి. గంగులమ్మ కొంగు నలుపుకుంటూ నిలబడిపోయింది. ఏమని చెప్పాలి, ఏ నోటితో చెప్పాలి?

మేడం తనే కదిలింది. రెండు ఆకుల ముందూ నేలకు వంగి దండం పెట్టింది. వెనకడుగులతో బయటికి నడిచి, తల్లీకూతుళ్ళు వచ్చేదాకా ఆగి, తలుపు దగ్గరికి లాగి, నాగరత్నతో రెండు మాటలు చెప్పింది.

"వాళ్ళూ ఇట్లే మూస్తారంటమ్మా!" నాగరత్న గంతేసినంత పని చేసింది.

"నిజంగానా!" గంగులమ్మ అరుగు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది. పెద్ద గండం గడిచింది.

ముగ్గురూ అరుగు మీద కూర్చున్నారు. ఎదురుగా మైను మట్టిదిబ్బ మీద ఎండ కాస్తోంది. కాసేపటికి మేడం లేచి, తలుపు తీయబోయే ముందు ఆగి, మెల్లగా మూడుసార్లు దగ్గింది. తింటున్న పెద్దలకు అలా తెలియజేసి లోపలికి అడుగుపెట్టడం వాళ్ళ ఆచారమట.

గంగులమ్మ చటుక్కున లేచి నిలబడింది. ఆ గుమ్మంలో ఆ చప్పుడు విని ఎన్నేళ్ళయింది! "మీ నాయన, రత్నా! మీ నాయన ఇట్లే గదే వచ్చేది!" అంటూ నవ్వుతూనే ఏడ్చేసింది. సంతోషం పట్టలేక మేడం బుగ్గలు పుణికింది.

సాయంత్రం బండికి మేడం వెళ్ళిపోయింది. ఉద్యోగం ముగిసిందనీ, వచ్చే నెలలో తన దేశానికే పోతోందనీ కిటికీలోంచి చెప్పింది. గంగులమ్మ ఇంటికొచ్చి చెన్నరాయప్ప ఆకు ఎత్తింది. దూరం నుంచి వచ్చిన మనిషి, ఇంకా తింటా ఉండాదేమో అని రెండో ఆకు జోలికి పోలేదు. దాని మీద, అన్నం మధ్యలో, ఆ చెంచా ఇంకా నిటారుగా నిలబడే ఉంది.