పుట్టనివాళ్ళ కుర్చీ

కోల్‌కతా న్యూ టౌన్‌లో ఒక అద్దాల భవనం ఏడో అంతస్తులో భావి మానవ అధ్యయన కేంద్రం ఉంది. అక్కడ పనిచేసేవాళ్ళకు వచ్చే వారం సంగతి పట్టదు. లిఫ్ట్ పాడైతే బాగు చేయించే దిక్కుండదు గానీ, ఆకాశం నుంచి పెద్ద బండ ఊడిపడితే భూమిని ఎలా కాపాడాలో అడిగితే నిలబడ్డ పాటున చెప్పేస్తారు.

అరుంధతి హైదరాబాదులో కాలేజీ ఉద్యోగం వదిలి ఆ కేంద్రంలో చేరి ఏడాదయింది. ఆమెకు ఒక బాధ ఉండేది. ఇంతమంది నిపుణులు ఇంకా పుట్టని మనుషుల గురించి ఇన్ని నిర్ణయాలు చేస్తున్నారు కదా, వాళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళు ఒక్కరైనా ఉండొద్దా అని. జపాన్‌లో కొన్ని ఊళ్ళ సభల్లో కొందరిని భావితరం వాళ్ళుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తారని చదివింది. మన వార్షిక సభలోనూ ఒక కుర్చీ వేద్దామంది. ఐదు వందల ఏళ్ళ తర్వాతి మనిషిగా ఒకరు అందులో కూర్చుంటారు. వాళ్ళ సమ్మతి లేనిదే ఏ తీర్మానమూ చెల్లదు. ఈ నియమం ఆమే స్వయంగా రాసింది.

డైరెక్టర్ అనిమేష్ గుహ తెల్ల గడ్డం నిమురుకుంటూ చాలాసేపు ఆలోచించాడు. "విదేశీ దాతలు తెర మీద చూస్తుంటారు అరుంధతీ. బాగుంటే మనందరికీ పేరు. నవ్వులపాలైతే కుర్చీతో పాటు నీ విభాగం కూడా ఎత్తేస్తాను," అన్నాడు.

ఆ కుర్చీ కోసం ఒక బెంగాలీ రంగస్థల నటుడిని మాట్లాడారు. రెండు రోజుల సభ రేపనగా అతను ఫోన్ చేసి, టీవీ సీరియల్లో మామగారి వేషం దొరికిందనీ, క్షమించమనీ చెప్పాడు. అరుంధతి తెలిసినవాళ్ళ పేర్లన్నీ తిరగేసింది. అప్పుడు గుర్తొచ్చాడు కోదండం.

కోదండం నగరపాలక సంస్థ నీళ్ళ పంపుల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. శ్రీకాకుళం వైపు నుంచి తాతల నాడే వచ్చి వాట్‌గంజ్‌లో స్థిరపడిన కుటుంబం. మొన్న అక్కడి తెలుగువాళ్ళ ఉగాది సభలో రాజు వేషం కట్టి పద్యం అందుకుంటే మైకు చచ్చిపోయినా ఆయన ఆగలేదు. చివరి వరస దాకా వినిపించింది.

అరుంధతి ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళి విషయం చెప్పింది. ఆయన మంచం మీద నిటారుగా సర్దుకుని కూర్చున్నాడు.

"ఏషం ఏటమ్మా?"

"ఐదు వందల ఏళ్ళ తర్వాతి మనిషండీ."

"రాజా?"

"మామూలు మనిషే. కానీ మీరు సరే అంటేగానీ అక్కడ ఏ పనీ జరగదు."

"అయితే రాజే," అని తీర్మానించాడు కోదండం. "డైలాగులేయి?"

"డైలాగులుండవు. వాళ్ళు అడిగినదానికి మీకు తోచింది చెప్పడమే."

ఆయన భార్య రామమ్మ టీ గ్లాసులు తెచ్చి పెడుతూ, "ఈయనకి తోసింది సెప్పమన్నారా? ఓలమ్మో! మరి మీ ఇష్టం తల్లీ," అంది.

మర్నాడు పొద్దున్న కోదండం ఎర్ర మఖమల్ కోటు తొడుక్కుని, జరీ నడికట్టు బిగించి, కళ్ళకు కాటుక పెట్టుకుని క్యాబ్ దిగాడు. కిరీటం మాత్రం ఇంటి దగ్గరే రామమ్మ లాక్కుందట. కేంద్రం వాళ్ళిచ్చిన నీలం శాలువాను కోటు మీద కప్పుకుని, సభలోకి నడిచివచ్చి, కుర్చీలో కూర్చుని, మీసం దువ్వాడు. నిపుణులు తెలియకుండానే లేచి నిలబడ్డారు.

ఆయనకు బంగ్లా అక్కడున్న ఎవరితోనైనా సమానంగా వచ్చు. అయినా, "రాజు పాత్ర తెలుగులోనే మాటాడాల. బంగ్లాలో ఐతే నా గొంతు నెగదు," అని భీష్మించాడు. దాంతో అరుంధతి పక్కన నిలబడి తర్జుమా చేయాల్సి వచ్చింది. ఆ సభలో తెలుగు తెలిసిన మనిషి మరొకరున్నారు. విశాఖపట్నం నుంచి వచ్చిన ఇంధన నిపుణుడు ఢిల్లీశ్వరరావు. ఆయన ఒక మూల కూర్చుని జేబురుమాలు సిద్ధం చేసుకున్నాడు.

గుహ గోడ మీద పటం వేశాడు. సముద్రం పెరిగితే ఐదు వందల ఏళ్ళకు కోల్‌కతా ఎలా ఉండవచ్చో వేసిన ఊహాపటం అది. సగానికి పైగా నీలమే. నగరాన్ని దశలవారీగా ఎత్తు ప్రాంతాలకు తరలించాలనీ, అందుకు ఇప్పటి నుంచే సన్నాహాలు చేయాలనీ తీర్మానం. గుహ మర్యాదగా వంగి, భవిష్యత్తుకు సమ్మతమేనా అని అడిగాడు.

కోదండం పటం దగ్గరికి నడిచి వెళ్ళి వెతికాడు. "మా వాట్‌గంజ్ ఏదీ?"

ఎవరో నీలం రంగు మధ్యలో వేలు పెట్టి చూపించారు.

"బడ్జ్ బడ్జ్?"

నది దిగువన ఉన్న ఆ ఊరు ఇంకా చిక్కటి నీలంలో ఉంది.

"మరి ఈ ఆఫీసో?"

గుహ దగ్గి, ఏడో అంతస్తు కనక బహుశా పైకే ఉంటుందన్నాడు.

కోదండం గొంతు ఒక్కసారిగా హాలంతా నిండింది. "మేమందరం నీల్లల్లో ములిగిపోతే మీరు మాత్రం పైన కూకుని టీలు తాగుతారేటి? ఈ గడ్డపాయనకి బుర్ర నేదేటి? ఒప్పుకోను!"

అందరూ అరుంధతి వైపు చూశారు. "భవిష్యత్తు ఈ ప్రతిపాదనను లోతుగా పరిశీలించింది. గౌరవ డైరెక్టర్ గారి ఆలోచనలో మరికొంత స్పష్టత కోరుతోంది," అంది ఆమె ఇంగ్లీషులో. మూలన ఢిల్లీశ్వరరావుకు దగ్గు తెర వచ్చింది.

"అద్భుతం! భవిష్యత్తు మనతో వాదిస్తోంది!" అని గుహ పొంగిపోయాడు.

ఆ పొంగు మధ్యాహ్నం దాకానే. రెండో అంశం అణు వ్యర్థాలు. పాతిపెట్టిన చోట పుర్రె బొమ్మ చెక్కితే, మన భాషలేవీ తెలియని మనుషులు కూడా భయపడి దూరంగా పోతారని ఒకాయన చెప్పాడు. "పుర్రెను సూసి ఎవడు పోతాడు? కాళీ అమ్మోరి తావు అనుకుని కొబ్బరికాయ కొట్టేత్తాం," అని కోదండం కొట్టిపారేశాడు. ఆకాశపు బండ విషయం వచ్చేసరికి, దాన్ని దారి మళ్ళిస్తే అది పక్కవాడి మీద పడుతుంది గనక పాపమన్నాడు. ఆకాశంలో పక్కవాడు ఎవడుంటాడని అడిగితే, "ఎవడో ఒకడు ఉండకపోడు," అన్నాడు. ఏసీ తగ్గించమన్నాడు. టీ విరామంలో ఒక శాస్త్రవేత్త రెండో సందేశ్ మిఠాయి ముక్క తీసుకోబోతుంటే, "అన్నీ మీరే తినేత్తే మాకేటి మిగుల్తాది?" అని శాలువాలోంచి వేలు చూపించాడు. ఆయన ముక్కను పళ్ళెంలో పెట్టేశాడు. తర్వాత ఎవరూ తీపి ముట్టుకోలేదు. వాళ్ళు వెళ్ళాక పళ్ళెం కోదండం ముందుకు చేరింది.

మొదటి రోజు ముగిసేసరికి ఒక్క తీర్మానమూ గట్టెక్కలేదు. గుహ అరుంధతిని పక్కకు పిలిచి, "రేపు దాతల ముందు కూడా ఇదే జరిగితే నీ సంగతి ముందే చెప్పాను," అన్నాడు. ఆమె కోదండాన్ని బతిమాలింది. ఆయన దయగా చూశాడు. "అమ్మా, నువ్వు మంచిదానివే. కానీ నా జనం ఉన్నారు గదా. ఆళ్ళకి ఏటని సమాధానం సెప్పను?"

రెండో రోజు దాతలు తెర మీదికి వచ్చారు. గుహ తీర్మానాన్ని ఇంకా మెత్తగా తిరగరాసి, 'తరలించాలి' అన్నచోట 'తరలింపు గురించి ఆలోచించాలి' అని పెట్టాడు. కోదండం విన్నాడు. లేచాడు. "నిన్న బుర్ర నేదనుకున్నాను. ఇయ్యాల సిగ్గు కూడా నేదు!"

"నిన్నటి కంటే మెరుగైన తీర్మానమని భవిష్యత్తు భావిస్తోంది," అని అరుంధతి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. గుహ మురిసిపోతూ తల ఊపాడు.

"ఆయన మిమ్మల్ని మెచ్చుకోలేదు," అని తలుపు దగ్గర నుంచి శుభ్రమైన బంగ్లాలో ఒక గొంతు వినిపించింది. రామమ్మ. చేతిలో బీపీ మాత్రలు. పొద్దున్న భర్త వేసుకోవడం మరిచిపోతే ఇవ్వడానికి వాట్‌గంజ్ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. "మీకు బుర్రా సిగ్గూ రెండూ లేవన్నాడు," అని గుహకు వివరంగా చెప్పింది.

అరుంధతికి నేల చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది. ఉద్యోగం పోయినట్టే అనుకుంది. ఢిల్లీశ్వరరావు మాత్రం ఇక ఆపుకోలేక పెద్దగా నవ్వేశాడు. కళ్ళు తుడుచుకుని, "అరుంధతమ్మా, నీ నియమంలో భవిష్యత్తంటే ఒక్క మనిషే అని రాశావా?" అని అడిగాడు.

ఆమె గుర్తు చేసుకుంది. "లేదండీ."

"అయితే ఇంకో కుర్చీ వెయ్యి."

కుర్చీ వేశారు. గుహ మునిగిపోయేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు స్వయంగా శాలువా తెచ్చి రామమ్మకు కప్పాడు. విషయమంతా ఆమెకు బంగ్లాలో చెప్పాడు. రామమ్మ పటాన్ని ఎగాదిగా చూసింది.

"మారిపోదాం," అంది. "వానాకాలం వచ్చిందంటే గుమ్మంలోకి నీళ్ళు. ఎత్తిపోసి ఎత్తిపోసి నా నడుం పడిపోయింది. ఎక్కడికైనా సరే, ఎత్తుకి తీసుకుపోండి. నాకు సమ్మతమే."

కోదండం కుర్చీలోంచి లేచిపోయాడు. "ఏటే! నా మాట మీద మాటాడతావా?"

"నీ మాటేటి? నాను కూడా ఐదొందలేళ్ళ తర్వాత మనిషినే."

"నా పెళ్ళానివి!"

"ఎవరు సెప్పారు?" రామమ్మ శాలువా సర్దుకుంది. "అప్పటికి కూడా నీకే వండి పెట్టాలేటి? అప్పటి నాను ఎవరో నీకు తెల్దు. నువ్వెవరో నాకు తెల్దు. బాబూ, ఎవరు మీరు?"

అరుంధతి దీన్ని తర్జుమా చేసింది, ఈసారి ఏ మార్పూ లేకుండా. నిపుణులు రెండు పక్షాలుగా చీలిపోయారు. ఐదు శతాబ్దాల తర్వాత వివాహం నిలుస్తుందా అని ఒకాయన, అప్పటికి వంట అనేదే ఉండదని మరొకాయన, సముద్రాన్ని మరిచిపోయి కేకలు వేసుకున్నారు.

కోదండం మాత్రం రాజు దర్పమంతా దిగిపోయి, శాలువా అంచును వేళ్ళకు చుట్టుకుంటూ కూర్చున్నాడు. కాస్సేపటికి చిన్న గొంతుతో, "అంటే అప్పుడు మనిద్దరం ఉండమా?" అని అడిగాడు. నిన్నటి నుంచి అక్కడ మైకు అక్కర్లేకుండా మాట్లాడినవాడు అంత నెమ్మదిగా మాట్లాడటం అరుంధతి ఎన్నడూ వినలేదు. ఏడాదిగా ఆ శతాబ్దాల గురించి వ్యాసాలు రాస్తున్నా, అందులో తాను ఉండదన్న సంగతి ఆమెకు అంతవరకూ ఇలా గుచ్చుకోలేదు. ఆమె ఆ మాటను తర్జుమా చేయలేదు.

గుహ గొంతు సవరించుకుని చివరిసారి అడిగాడు. రామమ్మ అవునంది. కోదండం తల అడ్డంగా ఊపాడు. భార్య మీద అలకతో ఊపిందే తప్ప దానికి సముద్రంతో సంబంధం లేదు.

గుహ తెర వైపు తిరిగి, ఓడిపోయిన మనిషిలా, "భవిష్యత్తు ఏకాభిప్రాయానికి రాలేదు," అని ప్రకటించాడు.

తెర మీద దాతలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తర్వాత చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ళుగా అందరూ భావితరమంటే ఒకే మనిషన్నట్టు మాట్లాడుతున్నారనీ, భావితరం తనలో తాను పోట్లాడుకుంటుందని మొదట చూపింది ఈ కేంద్రమేననీ, ఈ పరిశోధనను మరింత పెద్ద ఎత్తున కొనసాగించాలనీ కోరారు. గుహ తేరుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. "మేం మొదటి నుంచీ ఈ ఫలితం కోసమే ఎదురుచూశాం," అని వాళ్ళకు చెప్పాడు. అరుంధతి విభాగానికి ఢోకా లేదని ఆమెకు కళ్ళతోనే సైగ చేశాడు.

సాయంత్రం ఆమె ఇద్దరినీ బస్టాపు దాకా దింపడానికి వచ్చింది. క్యాబ్ పిలుస్తానంటే రామమ్మ వద్దంది. కోదండం మఖమల్ కోటులో చెమటలు కక్కుతూ భార్యకు వీపు తిప్పి నిలబడ్డాడు.

"మాత్ర ఏసుకో," అంది రామమ్మ.

"మీరెవరో నాకు తెల్దు."

"సర్లే. సాల్లే."

"నిజంగానే తెల్దంటావా అప్పుడు?"

రామమ్మ రోడ్డు వైపు చూస్తూ కాస్త ఆలోచించింది. "కనబడితే తెల్దేమో. నోరు తెరిత్తే తెలిసిపోద్ది. అంత గొంతు ఇంకెవడికుంటాది?"

ఆయన వీపు ఇటు తిరిగింది. నీళ్ళు లేకుండానే మాత్ర మింగేశాడు.

బస్సు వచ్చింది. కిటకిటలాడుతోంది. మఖమల్ కోటును చూసి కండక్టర్ పక్కకు ఒత్తుకున్నాడు, ఒక కుర్రాడు లేచి సీటిచ్చాడు. కోదండం ఆ సీట్లో రామమ్మను కూర్చోబెట్టి తాను కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. బస్సు కదిలింది. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, న్యూ టౌన్ అంతా వినబడేలా అరిచాడు.

"అమ్మా! ఆ తీర్మానానికి నాను ఒప్పుకుంటన్నాను! ఎత్తుకే ఎల్లిపోదాం! రాసుకో!"

అరుంధతి రాసుకుంటానని చెయ్యి ఊపింది. మెట్లెక్కి ఏడో అంతస్తుకు వెళ్ళేసరికి గుహ బల్ల చుట్టూ అందరినీ కూర్చోబెట్టి, వచ్చే ఏడాది సభలో ఒకరితో ఒకరికి పడని భవిష్యత్తులను ఎక్కడెక్కడి నుంచి పిలిపించాలో ఉత్సాహంగా చర్చిస్తున్నాడు. భవిష్యత్తు ఇప్పుడే ఒక మాట మీదికి వచ్చిందని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. వాళ్ళ ముఖాల్లో సంతోషం చూసి, తిరిగి మూసుకుని, పళ్ళెంలోంచి ఒక సందేశ్ ముక్క తీసుకుంది.